గేదెను చూడని బేరగాడు

పశువును అమ్ముకొనుట రైతుకు చిన్న విషయము కాదు. పిల్ల పెండ్లికో, బోరుబావికో, బ్యాంకు బాకీకో సొమ్ము కావలసి వచ్చినప్పుడు, లేదా మేత చాలనప్పుడు, పాడిగేదెను గాని ఎద్దుల జతను గాని అమ్మకమునకు పెట్టును. పూర్వము సంతకు తోలుకొని పోయెడివాడు. నేడు కొట్టములోనే ఫొటో తీసి, ఈతలు, పాలు, ధర వ్రాసి సెల్‌ఫోనులో ప్రకటించుచున్నాడు. దీనివలన బండి కిరాయి, దళారి సొమ్ము, అమ్ముడుపోని పశువును తిరిగి తెచ్చుకొను శ్రమ తప్పుచున్నవి. ఫోనులో అమ్మనే కూడదని చెప్పువారితో నేను ఏకీభవించను. కాని మన పెద్దలు సంతలో పాటించిన కట్టుబాట్లను ఫోను బేరములో విడిచిపెట్టుట తగదు.

సంతలో కొనువానిని గమనింపుడు. ఎద్దునకు పళ్ళు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును. గేదె అయినచో పొదుగు తడిమి, పాలు పితికించి చూచును. ఎన్నవ ఈత, ఎన్ని నెలల చూడి, తన్నునా, పొడుచునా అని గుచ్చి గుచ్చి అడుగును. ఏదో ఒక వంక పెట్టి ధర తగ్గింపుమనును. తువ్వాలు క్రింద వేళ్ళు పట్టి చాలసేపు బేరమాడును. ఈ తగవు అమ్మువానికి విసుగే. అయినను సొమ్ము పెట్టి కొనదలచిన వాని లక్షణము అదియే.

మోసగాని తీరు దీనికి వ్యతిరేకము. ప్రకటన పెట్టిన కొద్దిసేపటికే ఫోను చేయును. పాలెన్ని లీటర్లని అడుగడు. మీరు 90,000 రూపాయలన్నచో ఒక్క రూపాయి తగ్గింపుమనడు. తాను సైనికోద్యోగినని, బదిలీ పనులలో ఉండి రాలేనని, బండి పంపి పశువును తెప్పించుకొందునని చెప్పి, నమ్మకమునకు గుర్తింపు కార్డు ఫొటో పంపును. మన గ్రామములలో సైనికుడన్నచో ఉన్న గౌరవమును ఎరిగియే ఈ వేషము వేయుచున్నాడు. ఆ కార్డు ఎవరిదైనను కావచ్చును. తాను రాక, తన తరపున తెలిసినవానినైనను పంపక, చూడని గేదెకు అడిగినంత ధర ఇచ్చెదనను వాని దృష్టి మీ ఖాతాపై ఉన్నదని తెలిసికొనుడు.

తరువాత సొమ్ము మాట వచ్చును. ముందుగా 5 రూపాయలు పంపును. అవి నిజముగానే చేరును. నమ్మకము కుదిరిన పిదప ఒక క్యూఆర్ కోడు పంపి, దానిని స్కాను చేసి పిన్ నొక్కినచో మిగిలిన సొమ్ము జమ అగునని చెప్పును. రైతు మునుగుట ఇక్కడనే. దేవాలయపు హుండీలో కానుక వేయుటకు తాళపుచెవి అక్కరలేదు, తీయుటకే కావలెను. యూపీఐ పిన్ అట్టిది. అది మన ఖాతానుండి సొమ్ము ఇచ్చుటకు, నిల్వ చూచుకొనుటకు ఉన్నది. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్‌తో గాని స్కానుతో గాని పనిలేదు. సొమ్ము కోరుచు ఒక వ్యక్తి మరొక వ్యక్తికి యూపీఐలో పంపు అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేసిరి. కాని క్యూఆర్ కోడు, లింకు మోసగాని చేతిలో ఇంకను ఉన్నవి.

మరికొన్ని పన్నుగడలు కలవు. 9,000 రూపాయలు ఎక్కువ పంపితినని, తిరిగి పంపుమని తొందరపెట్టును. బ్యాంకు నుండి వచ్చినట్లు కనిపించు సందేశమును తానే వ్రాసి పంపియుండును. బండి కిరాయికో, పశువు బీమాకో ముందుగా మీరు కొంత కట్టినచో తరువాత కలిపి ఇచ్చెదననును. ఫోనులో ఏదో యాప్ వేసికొమ్మనును. అట్టి యాప్‌తో మీ ఫోను తెరను అతడు అక్కడనుండియే చూడగలడు. ఇంకొకడు చీకటిపడువేళ బండితోనే వచ్చి, సొమ్ము పంపినట్లు తన ఫోను చూపి, గేదెను ఎక్కించుకొని పోవును.

కావున ఈ నియమములను పాటింపుడు:

1. పశువును కొట్టములో, పగటివేళ, ఇరుగుపొరుగు వారి ఎదుట చూపించిన పిదపనే బేరము ముగింపుడు.

2. సొమ్ము చేరినదో లేదో మీ ఖాతాలోనే చూచుకొనుడు. అంతవరకు పలుపు విప్పవద్దు.

3. అమ్మువాడు ఎదురు సొమ్ము కట్టుట ఏ బేరములోను లేదు. ఏ పేరుతో అడిగినను పంపవద్దు.

4. అమ్మకపు సొమ్ము పుచ్చుకొనుటకు వేరొక ఖాతా ఉంచుకొనుడు. ధాన్యము సొమ్ము, పీఎం కిసాన్ వాయిదా, సంఘపు అప్పు అన్నియు ఒకే ఖాతాలో ఉన్నచో, ఒక్క పొరపాటుతో ఏడాది సేద్యపు పెట్టుబడి పోవును.

పొరపాటు జరిగినచో గడియయైనను ఆలస్యము చేయరాదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. బ్యాంకుకు తెలుపవలెను. సొమ్ము మోసగాని ఖాతానుండి చేతులు మారకముందే తెలిపినచో దానిని నిలిపివేయుటకు అవకాశము కలదు. ఖాతాదారు పిన్ తెలిపి పోగొట్టుకొన్న సొమ్ము, అతడు బ్యాంకుకు తెలుపువరకు అతని నష్టమేయనియు, తెలిపిన పిదప జరుగు నష్టము బ్యాంకుదనియు రిజర్వు బ్యాంకు 2017లో ఉత్తరువిచ్చినది. ఆలస్యము విలువ ఎంతయో దీనినిబట్టి గ్రహింపవచ్చును. మోసము భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను క్రింద నేరము. పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేయుటకు సంకోచింపవద్దు.

చివరగా గ్రామోద్యోగులకు ఒక మనవి. మోసపోయిన రైతు పలుమార్లు ఇంటిలో సైతము చెప్పుకొనడు. నలుగురు నవ్వుదురని భయము. అతడు నోరు మూసికొన్న ఒక్క రాత్రి మోసగానికి చాలును. అట్టివాడు మీ వద్దకు వచ్చినప్పుడు, "చదువుకొన్నవాడవు, ఎట్లు నమ్మితివి?" అని అడుగుట మాని, ముందు 1930కి ఫోను కలుపుడు. పై నియమములను పాలకేంద్రము వద్ద గోడపై వ్రాయింపుడు, గ్రామసభలో చదివి వినిపింపుడు. సంతలో కొత్త రైతును దళారి ముంచబోయినప్పుడు ప్రక్కనున్న పెద్దలు హెచ్చరించెడివారు. ఫోను బేరములో రైతు ఒంటరివాడు. ఆ పెద్దరికము ఇప్పుడు మనము వహింపవలెను.