సంఘం పరువు కోసం బిడ్డ నోరు నొక్కొద్దు

మనలో చాలామందిమి చర్చి ఆవరణలో పెరిగినవాళ్లం. పేటలో నలుగురూ కూర్చోవడానికి నీడ, చాప, మైకు ఉన్న చోటు అదొక్కటే. సండే స్కూల్లో వాక్యం కంఠస్థం చేసి, క్రిస్మస్ నాటికలో గొల్లవాడి వేషం కట్టి, పదిమంది ముందు నిలబడి మాట్లాడటం అక్కడే నేర్చుకున్నాం. ఎండాకాలంలో అమ్మానాన్నలు కూలికి పోతే వీబీఎస్ పేరుతో మనల్ని చూసుకున్నదీ ఆ ఆవరణే.

అందుకే అక్కడ ఒక బిడ్డకు అన్యాయం జరిగిందంటే నమ్మడం కష్టం. నమ్మినా బయటికి చెప్పడం ఇంకా కష్టం. చెప్పాల్సింది అయ్యగారి మీద, లేదా క్వయర్ నేర్పే అన్న మీద, లేదా హాస్టల్ వార్డెన్ మీద. వినాల్సింది ఆ అయ్యగారి దగ్గరే బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు. ఆ తర్వాత జరిగే వరస మనకు తెలియనిది కాదు. సంఘ పెద్దలు కూర్చుంటారు. ఉపవాస ప్రార్థన పెట్టుకుందాం అంటారు. తండ్రి చేతిలో కొంత డబ్బు పెడతారు. అయ్యగారిని వేరే ఊరికి మారుస్తారు. ఆ ఊళ్లోనూ సండే స్కూలు ఉంటుంది కదా అని ఎవరూ అడగరు.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ పంచాయితీ చేసే అధికారం ఏ సంఘానికీ లేదు.

చట్టం ఏం చెబుతోంది

2012 పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. జరగబోతోందన్న భయం ఉన్నా చెప్పాలి. ఈ సెక్షన్ పాస్టర్‌కు గానీ, ఫాదర్‌కు గానీ, సిస్టర్‌కు గానీ మినహాయింపు ఇవ్వలేదు. బిషప్‌కు ఉత్తరం రాశాం, కమిటీకి చెప్పాం అంటే సరిపోదు. చెప్పకుండా దాచితే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు. సంస్థకు బాధ్యుడై ఉండి తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలు, జరిమానా. ఆ సంస్థను ఏ పేరుతో పిలిచినా ఇది వర్తిస్తుందని చట్టమే రాసింది. రేకుల షెడ్డులో నడిచే స్వతంత్ర సంఘమైనా, పెద్ద డయోసిస్ అయినా ఒకటే. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద కేసు పెట్టడానికి వీల్లేదని కూడా సెక్షన్ 19లోనే ఉంది. మత సంస్థ యాజమాన్యంలోనో సిబ్బందిలోనో ఉన్నవాళ్లు ఆ సంస్థలోని బిడ్డపై అత్యాచారం చేస్తే దాన్ని తీవ్రమైన నేరంగా లెక్కగట్టి కనీసం 20 ఏళ్ల శిక్ష పెట్టారు.

ఇవి కాగితం మీద మాటలే కదా అనుకునేవారు సుప్రీంకోర్టు తీర్పులు రెండు చూడాలి. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక హాస్టల్‌లో ఆదివాసీ బాలికలపై లైంగిక దాడులు జరిగాయి. విషయం తెలిసీ చెప్పలేదన్న ఆరోపణ ఉన్న డాక్టర్ మీద కేసును హైకోర్టు కొట్టేస్తే, 2022లో సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని స్పష్టం చేసింది. రాజస్థాన్‌లో ఒక దళిత విద్యార్థిని టీచర్ మీద పెట్టిన కేసులో, ఆమె తండ్రికీ టీచర్‌కూ రాజీ కుదిరిందని హైకోర్టు ఎఫ్‌ఐఆర్ కొట్టేసింది. తండ్రి వెనక్కి తగ్గినా ఊళ్లోవాళ్లు తగ్గలేదు. వాళ్లే సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇలాంటి నేరం ఇద్దరి మధ్య గొడవ కాదని, రాజీతో తుడిచేయలేరని 2024లో కోర్టు చెప్పింది.

ఇక చర్చి ఆవరణ సంగతికే వద్దాం. కేరళలోని కొట్టియూర్‌లో ఒక మైనర్ బాలిక 2017లో బిడ్డను కన్నది. బాధ్యుడు ఆ ఊరి చర్చి ఫాదర్. మొదట ఆ నేరాన్ని బాలిక కన్నతండ్రే తన మీద వేసుకున్నాడు. కోర్టులో బాలికా, తల్లీ మాట మార్చారు. డీఎన్ఏ పరీక్ష మాత్రం మాట మార్చలేదు. 2019లో ఫాదర్‌కు 20 ఏళ్ల శిక్ష పడింది, తర్వాత హైకోర్టు దాన్ని 10 ఏళ్లకు తగ్గించింది. విషయం దాచారన్న అభియోగం ఎదుర్కొన్న మరో ఆరుగురిని విచారణ కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. చేయని నేరాన్ని కన్నతండ్రి నెత్తిన వేసుకున్నాడంటే, పేద విశ్వాసి మీద చర్చికి ఉన్న పట్టు ఎంతటిదో అర్థం చేసుకోవాలి.

"వాళ్ల చేతికి కర్ర ఇస్తామా?"

ఈ ప్రశ్న మన లోపలి నుంచే వస్తుంది. ప్రార్థన కూటం పెట్టుకుంటే మతమార్పిడి అని మీదపడుతున్న కాలమిది. ఇప్పుడు మనమే మన పాస్టర్ మీద స్టేషన్‌కు పోతే, మన మీద విషం చిమ్మేవాళ్లకు కర్ర అందించినట్టు కాదా?

ఈ భయం అబద్ధం కాదు. కానీ ఆ భయానికి మూల్యం చెల్లిస్తున్నది ఎవరు? పదేళ్ల మాల పిల్ల, మాదిగ పిల్ల. "ఊరి పరువు పోతుంది, కేసు ఎందుకు, మాట్లాడుకుందాం" అనే మాట మనం ఎవరి నోట విన్నాం? పెత్తందారీ కులాల నోట. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మన ఉద్యమం ఆ మాటకు లొంగలేదు. చుండూరులోనే ప్రత్యేక కోర్టు కావాలని కొట్లాడి సాధించుకుంది. ఊరి రచ్చబండను ఒప్పుకోని మనం చర్చి రచ్చబండను ఎలా ఒప్పుకుంటాం?

ఇంకో సంగతి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా దళిత క్రైస్తవులను ఎస్సీ జాబితా బయట నిలబెట్టింది. మన రెండు రాష్ట్రాల్లో వాళ్లను బీసీ-సి కింద చూపిస్తారు. క్రైస్తవం ఆచరిస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఈ అన్యాయం మీద మన పోరాటం ఆగదు. అయితే పోక్సో కులం సర్టిఫికెట్ అడగదు, మతం అడగదు. వయసు 18 లోపు ఉంటే చాలు. మన బిడ్డకు మిగిలిన ఆ ఒక్క తలుపును మన చేతులతోనే మూస్తున్నాం.

చర్చి చేయాల్సినవి

2020 పోక్సో నియమాలు పిల్లలతో తరచూ పనిచేసే సంస్థలకు బాధ్యతలు పెట్టాయి. సిబ్బంది గురించి పోలీసు విచారణ చేయించాలి, ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలి, బాలల రక్షణ విధానాన్ని అమలు చేయాలి. అనాథలను, సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే హోంలు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్టర్ కావాలి. కాకపోతే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. సేవ చేస్తున్నాం కదా అన్న మాట ఇక్కడ చెల్లదు.

డబ్బు ఖర్చులేని పనులు కూడా ఉన్నాయి. సండే స్కూల్లో, వీబీఎస్‌లో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. కౌన్సెలింగ్ పేరుతో బిడ్డను తలుపు మూసిన గదిలోకి పిలవకూడదు. ఆల్‌నైట్ ప్రార్థనల్లో పిల్లలు తమ ఇంటివాళ్ల దగ్గరే పడుకోవాలి. ఆరాధన సమయాలు రాసిన బోర్డు మీదే 1098 నంబరూ ఉండాలి.

బిడ్డ నోరు తెరిచిన రోజు పెద్దలు పదిసార్లు అడిగి విసిగించొద్దు. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే తీసుకోవచ్చని, వచ్చే పోలీసు యూనిఫాంలో ఉండకూడదని చట్టం చెబుతోంది. బిడ్డను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. బిడ్డ పేరు, ఫొటో, బడి, ఇంటి వివరాలు ఎక్కడా బయటపెట్టకూడదు. మన వాట్సాప్ గ్రూపులకూ ఇదే వర్తిస్తుంది.

యూనివర్సిటీల్లో చదువుకుంటున్న మనం క్రిస్మస్‌కు ఊరెళ్తాం. ఆరాధన అయ్యాక చర్చి పెద్దలను మూడు ప్రశ్నలు అడుగుదాం. పిల్లలకు నేర్పుతున్నది ఎవరు, వాళ్ల గురించి ఎవరు విచారించారు? మన దగ్గర రాసిపెట్టుకున్న నియమాలు ఏమైనా ఉన్నాయా? ఒక బిడ్డ ఫిర్యాదు చేస్తే స్టేషన్‌కు వెళ్లేది ఎవరు? అడిగితే కోపం వస్తుంది, రానివ్వండి. ఆ ఆవరణలో మాట్లాడటం నేర్చుకున్నవాళ్లం మనం. ఇప్పుడు అక్కడే ఒక బిడ్డ కోసం మాట్లాడదాం.