స్టవ్వు ఆర్పేసిన అమ్మ

పోయిన నెల మా పెద్దన్నయ్యకి డెబ్భై ఏళ్ళు నిండాయి. పిల్లలంతా కలిసి చిన్న ఫంక్షన్ చేశారు. భోజనాలయ్యాక ఎప్పటిలాగే కాజీపేట రైల్వే క్వార్టర్స్ కబుర్లు మొదలయ్యాయి. "ఆ రోజులే వేరు! హాకీ మ్యాచ్ ఉందంటే ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ కూర్చునేవాళ్ళం" అన్నాడు అన్నయ్య. చిన్నన్నయ్య అందుకుని, 1975 వరల్డ్ కప్ ఫైనల్ రోజున అమ్మ కాఫీ స్టవ్వు మీద పెట్టి మర్చిపోయిన సంగతి చెప్పాడు. మా ఇంట్లో యాభై ఏళ్ళ నాటి జోకు ఇది. కోడళ్ళు, మనవలు అందరూ నవ్వారు.

మూల కుర్చీలో ఉన్న అమ్మ "నేనెప్పుడు కూర్చున్నాన్రా మీతో?" అంది. కాసేపాగి, "మర్చిపోలేదు. కావాలనే స్టవ్వు ఆర్పేశాను" అంది.

"అవునా!" అని అన్నయ్యలు ఇంకో కబుర్లో పడిపోయారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా నాన్న రైల్వేలో గార్డు. ముందు గదిలో గోడకి కొట్టిన చెక్క మీద మర్ఫీ రేడియో ఉండేది. దానికి అమ్మ అల్లిన లేసు గుడ్డ. ఏటా పోస్టాఫీసుకి వెళ్ళి లైసెన్సు కట్టడం దగ్గర్నుంచి, మీట తిప్పడం దాకా అంతా నాన్నే. నొక్కగానే పలికేది కాదు. లోపల దీపం వెలిగి, కాస్త వేడెక్కి, గరగరమని గొంతు సవరించుకుని అప్పుడు మాట్లాడేది. మ్యాచ్ రోజున మా క్వార్టర్ నిండిపోయేది. పక్కింటి డ్రైవరు గారు, ఎదురింటి టీసీ గారు, వాళ్ళ పిల్లలు, మా అన్నయ్యల స్నేహితులు. నేను గుమ్మం దగ్గర. అంటే సగం ముందు గదిలో, సగం వంటింట్లో. పిలిస్తే లేవడానికి వీలుగా అన్నమాట.

హాకీ కామెంటరీ విన్నవాళ్ళకి తెలుస్తుంది, అది క్రికెట్ లాంటిది కాదు. క్రికెట్లో బంతికీ బంతికీ మధ్య బోలెడు తీరిక. గాలి గురించి, పాత రికార్డుల గురించి చెప్పుకోవచ్చు. హాకీలో బంతి ఆగదు, చెప్పేవాడికి ఊపిరాడదు. పేర్లు ఒకదాని వెనక ఒకటి పరుగెడుతుంటాయి. అజిత్ పాల్ నుంచి గోవిందకి, గోవింద నుంచి అశోక్ కుమార్‌కి... హిందీలో జస్‌దేవ్ సింగ్ చెబుతుంటే ఆ గొంతు మెట్లెక్కినట్టు పైకి పోయేది. గొంతు ఎక్కుతోందంటే బంతి 'డి' దగ్గరికి వస్తోందని అర్థం.

అమ్మకి హిందీ రాదు, ఇంగ్లీషు అసలే రాదు. అయినా ఆటంతా తెలిసేది! ఎలాగంటే ఇలాగే, గొంతుని బట్టి. "వాడి గొంతు దిగిపోయిందంటే బంతి అవతలి వాళ్ళు లాక్కున్నట్టే కదే" అంది నాతో మొన్న. దాయే అంటే కుడి, బాయే అంటే ఎడమ అని రేడియోలోనే నేర్చుకుందట. ఆటగాళ్ళ పేర్లు నాకంటే ఎక్కువ చెప్పింది.

ఇప్పుడు తలుచుకుంటే చిన్నచిన్న సంగతులన్నీ ఒక్కొక్కటే కలుస్తున్నాయి. మ్యాచ్ ఉన్నంతసేపూ రుబ్బురోలు ముట్టుకోకూడదని నాన్న ఆర్డరు. అమ్మ కిక్కురుమనకుండా ఒప్పుకునేది. ఆ డెబ్భై నిమిషాలకి బియ్యంలో రాళ్ళు ఏరడమో, గోంగూర ఒలవడమో పెట్టుకునేది. అన్నీ చప్పుడు లేని పనులే! నాన్న అది తన మాట మీద గౌరవం అనుకునేవారు. నాన్న లైను మీద ఉన్న రోజు మ్యాచ్ వస్తే "పెట్టుకోండర్రా, చదువు తర్వాత చూసుకోవచ్చు" అనేది. మా అమ్మంత మంచిది లేదని మేం మురిసిపోయేవాళ్ళం. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో కృత్రిమ పచ్చిక మీద ఆడి మనవాళ్ళు ఏడో స్థానానికి పడిపోయినప్పుడు, నాన్న రేడియో మీద అలిగి కొన్నాళ్ళు మ్యాచ్‌లే పెట్టనివ్వలేదు. ఆయన అలకతో అమ్మకీ హాకీ లేకుండా పోయిందని అప్పుడు ఎవరికి తట్టింది?

ఇక ఆ ఫైనల్ సంగతి. 1975 మార్చి 15, శనివారం. కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌తో మ్యాచ్. సెమీ ఫైనల్లో మలేసియా మీద ఓడిపోతున్న దశలో అస్లాం షేర్ ఖాన్ గోల్ కొట్టి నిలబెట్టాడు కదా, అందుకే కాలనీ అంతా పూనకం వచ్చినట్టుంది. ఫైనల్లో మొదటి గోల్ పాకిస్తాన్‌దే. హాఫ్ టైముకి మనం 0-1. ముందు గదిలో అందరి ముఖాలూ వాడిపోయాయి. నాన్న లోపలికి చూసి "అందరికీ కాఫీ పెట్టు" అన్నారు. పది పన్నెండు మందికి.

కిరసనాయిలు పంపు స్టవ్వు. వాడినవాళ్ళకి తెలుసు దాని మోత! వెలిగిస్తే పక్కన మనిషి మాట వినపడదు. సెకండ్ హాఫ్ మొదలైంది. నీళ్ళు ఇంకా కాగలేదు. బర్రుమనే ఆ మోతలో రేడియో ఒక్క ముక్క అందడం లేదు. అమ్మ చెయ్యి చాపి గాలి వదిలేసింది. స్టవ్వు ఆరిపోయింది. వంటింటి గోడకి ఆనుకుని నిలబడింది. పెనాల్టీ కార్నర్‌లో సుర్జీత్ సింగ్ సమం చేయడం, తర్వాత ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ కొట్టిన బంతి గోల్ పోస్టుకి తగలడం, గోల్ కాదని పాకిస్తాన్ వాళ్ళు గొడవ పడటం, అంపైర్ గోలేనని తేల్చడం... రెండూ చెవులారా విందట. "ఒక్కటీ పోగొట్టుకోలేదే" అంది.

2-1. కాలనీలో టపాకాయలు కాల్చారు. కాఫీ ఏదని నాన్న కేకలేశారు. మళ్ళీ స్టవ్వు పంపు కొట్టి అమ్మ కాఫీ తెచ్చేసరికి సగం మంది వెళ్ళిపోయారు. "ఇంత గొప్ప మ్యాచ్ జరుగుతుంటే మీ అమ్మకి కాఫీ కూడా గుర్తుండదు" అన్నారు నాన్న. జోకు అక్కడే పుట్టింది.

నన్ను నేను తప్పించుకోను. ఆ జోకు నేనూ ఎన్నోసార్లు చెప్పాను, నా అత్తవారింట్లో కూడా.

నాకూ ఒక ముచ్చట ఉండేది. రైల్వే ఇన్‌స్టిట్యూట్ గ్రౌండులో వెనక క్వార్టర్స్‌లోని ఆంగ్లో ఇండియన్ అమ్మాయిలు తమ్ముళ్ళతో కలిసి హాకీ ఆడేవారు. నాకూ ఒక స్టిక్కు కొనమని అడిగాను. హాకీ అంటే ప్రాణం పెట్టే మా నాన్న, "ఆడపిల్లకి కర్ర ఎందుకే, రేపు మోకాళ్ళు పగిలితే ఎవడు చేసుకుంటాడు?" అన్నారు. రేడియోలో హాకీ అందరిదీ, గ్రౌండులో మాత్రం మగపిల్లలది. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో మగవాళ్ళు ఫైనల్లో స్పెయిన్‌ని 4-3తో ఓడించి స్వర్ణం తెచ్చినప్పుడు ఇంట్లో పాయసం చేశాం. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ హాకీ మొదలైంది కూడా ఆ ఏడాదే. మన అమ్మాయిలు నాలుగో స్థానంలో వచ్చారు. మా ఇంట్లో ఆ ఊసే లేదు. కొన్నాళ్ళకి పేపర్లో చదివి తెలుసుకున్నాను. వెళ్ళి అమ్మకి చెబితే, "మన ఆడపిల్లలు కూడా ఆడుతున్నారా?" అంది. చేతిలో పని ఆపలేదు.

తర్వాత టీవీ వచ్చింది. అందరూ దాన్నొక పండగలా చెప్పుకుంటారు. నాకు మాత్రం అమ్మ ఆట పోయింది అప్పుడేననిపిస్తోంది. రేడియో చెవుల్ని మాత్రమే అడిగేది, చేతుల్ని వదిలేసేది. గోడ దాటి, గుమ్మం దాటి, పిలవకుండానే వంటింట్లోకి వచ్చేది. టీవీ అలా కాదు, కళ్ళూ కావాలి, తీరికగా కూర్చోవడమూ కావాలి. ఆ తీరిక ఉన్నది ఇంట్లో ఎవరికి? బొమ్మ కనపడుతోంది కదా అని టీవీలో కామెంటరీ చెప్పేవాళ్ళు బంతి ఎక్కడుందో చెప్పడం తగ్గించేశారు. వంటింట్లోకి వినపడేది ఉత్త అరుపులే. అమ్మ మెల్లిగా హాకీ మానేసింది. "అమ్మకి ఆటలంటే ఇష్టం లేదు" అని మేమే తేల్చేశాం.

రేడియో రోజులు తియ్యనివి కావని నేననను. తియ్యనివే. కాకపోతే "మనమంతా చుట్టూ కూర్చునేవాళ్ళం" అని ఎవరైనా అన్నప్పుడు, ఆ మనమంతాలో ఎవరున్నారో కాస్త లెక్కపెట్టమంటాను. మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే ఓసారి అడిగి చూడండి, ఆమె ఏం వినేదో. మా అమ్మని మేం అడగడానికి యాభై ఏళ్ళు పట్టింది. నిజానికి మేం అడగలేదు, తనే చెప్పింది.

అయినా నాకు ముందే తెలిసి ఉండాల్సింది. 2021 ఆగస్టు 6న టోక్యో ఒలింపిక్స్‌లో మన అమ్మాయిలు కాంస్యం కోసం బ్రిటన్‌తో ఆడారు. మనకి పొద్దున్న ఏడింటికి మ్యాచ్. ముందు రోజే మగవాళ్ళు జర్మనీని 5-4తో గెలిచి, 41 ఏళ్ళ తర్వాత పతకం తెచ్చారు. అందుకని నేనూ టీవీ పెట్టాను. పెట్టి వంటింట్లోకి వెళ్ళాను, టిఫిన్ టైము కదా! హాల్లో అమ్మ ఒక్కతే ఉంది. అప్పటికే చూపు బాగా తగ్గిపోయింది. "ఏమే, ఒకసారి ఇలా రా. బంతి ఎవరి దగ్గరుందో చెప్పు" అని పిలిచింది.

కుక్కరు దించేసి వెళ్ళి పక్కన కూర్చున్నాను. మొదట సిగ్గేసింది. ఒక్కో పేరూ కూడబలుక్కుని చెప్పాను. అవతలి వాళ్ళు రెండు గోల్స్ కొట్టారు. తర్వాత పెనాల్టీ కార్నర్లలో గుర్జీత్ కౌర్ రెండు వేసింది, వందనా కటారియా ఇంకొకటి. 3-2! నా గొంతు నాకు తెలీకుండానే పైకి పోయింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చివరికి 4-3తో ఓడిపోయాం. మళ్ళీ నాలుగో స్థానమే. గోల్‌లో సవిత ఎన్ని ఆపిందో, ఎటు దూకి ఆపిందో అన్నీ చెప్పించుకుంది.

మన చిత్తూరు జిల్లా అమ్మాయి రజని కూడా దేశం తరఫున గోల్ కీపరుగా ఆడిందని చెప్పాను. "కర్ర కొనిపెట్టారా వాళ్ళ నాన్న?" అని అడిగింది.