వ్యాక్సిన్ లెక్క గూడెం దాకా దిగాలి: రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖలకు,

కోవిడ్ టీకాల కార్యక్రమం దేశమంతటా 2021 జనవరి 16న మొదలైంది. మొదట వైద్య సిబ్బంది, ఫిబ్రవరిలో పోలీసులు, పారిశుద్ధ్య కార్మికుల వంటి ఫ్రంట్‌లైన్ వర్కర్లు, మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవారు, వారితోపాటు దీర్ఘకాలిక జబ్బులున్న 45 ఏళ్లు పైబడినవారు. ఏప్రిల్ 1న 45 నిండిన ప్రతి ఒక్కరికీ అర్హత వచ్చింది. ఈ వరుస న్యాయమైనది. ముప్పు ఎక్కువ ఉన్నవారికి టీకా ముందు అందాలన్న సూత్రమే దానికి ఆధారం.

మే 1న ఆ సూత్రం సడలింది. 18 నిండినవారందరినీ అర్హులను చేశారు గానీ, ఉత్పత్తిలో సగం కేంద్రానికి, మిగతా సగం రాష్ట్రాలకూ ప్రైవేటు ఆస్పత్రులకూ అని పంచారు. కోవిషీల్డ్ డోసు కేంద్రానికి 150 రూపాయలు, రాష్ట్రాలకు 300, ప్రైవేటుకు 600. హైదరాబాద్ జినోమ్ వ్యాలీకి చెందిన భారత్ బయోటెక్ కోవాగ్జిన్‌కు ప్రైవేటు ఆస్పత్రుల దగ్గర 1200 తీసుకుంది. డబ్బున్న కుటుంబాలు కార్పొరేట్ ఆస్పత్రుల్లో టీకా వేయించుకుంటుంటే, ప్రభుత్వ కేంద్రాలు మొదటి డోసు ఆపి, ఉన్న నిల్వను రెండో డోసుకే సర్దుకోవలసి వచ్చింది. 18–44 ఏళ్లవారి నుంచి డబ్బు తీసుకునే విధానం ప్రాథమిక పరిశీలనలో ఏకపక్షం, నిర్హేతుకం అని కనిపిస్తోందని సుప్రీంకోర్టు మే 31 నాటి ఉత్తర్వులో చెప్పింది. జూన్ 21 నుంచి 75 శాతం టీకాలు కేంద్రమే కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇచ్చింది.

డబ్బు సమస్య తీరినా నమోదు సమస్య మిగిలింది. 18–44 ఏళ్లవారికి టీకా నమోదు పోర్టల్ కోవిన్‌లో ముందస్తు నమోదు తప్పనిసరి చేశారు. ఫోన్‌కు ఓటీపీ రావాలి, పిన్‌కోడ్ కొట్టాలి, స్లాట్ కనిపించిన క్షణమే నొక్కాలి. అప్పటికి ఆ పోర్టల్‌లో తెలుగు లేదు. ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు మే 24న గానీ అనుమతి రాలేదు. సిగ్నల్ అందని తండాలో, ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉండి అది కూలికి వెళ్లినవారి జేబులో ఉంటే, ఆ ఇంటి ఆడవాళ్లు వరుసలోకి రావడానికి దారే లేదు.

ఈ లోటును పూడ్చే పనులు రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి, వాటిని గట్టిగా మెచ్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్ 5 ఏళ్లలోపు పిల్లలున్న తల్లులను వయసుతో నిమిత్తం లేకుండా ముందు వరుసలోకి తెచ్చింది. అక్కడి గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది, వాలంటీర్లు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పిలవబట్టే జూన్ 20న ఒక్కరోజులో 13 లక్షలకు పైగా డోసులు వేయగలిగారు. తెలంగాణ ఆటో, క్యాబ్ డ్రైవర్లను, గ్యాస్ డెలివరీ సిబ్బందిని, రేషన్ డీలర్లను, పెట్రోల్ బంకు కార్మికులను ప్రత్యేకంగా పిలిచి టీకా వేసింది.

అయితే ఒక్కరోజు రికార్డు వేగాన్ని చూపుతుంది, ఎవరు మిగిలిపోయారో చూపదు. కోవిన్ డాష్‌బోర్డులో జిల్లాల వారీ, స్త్రీ పురుషుల వారీ సంఖ్యలుండేవి గానీ ఆ లెక్క గూడేల దాకా దిగలేదు. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధిలో ఏ ఆవాసంలో ఎంతమందికి రెండో డోసు పడిందో ఆరోగ్య ఉపకేంద్రాల నర్సుల (ఏఎన్‌ఎంల) రిజిస్టర్లను బట్టి తేల్చి, పేర్లు లేకుండా ఆ సంఖ్యలను ప్రజల ముందు పెట్టడం రెండు శాఖల బాధ్యత.

ఇంతకంటే లోతైన చిక్కు సీసాలో ఉంది. కోవిషీల్డ్ వయల్ ఒక్కొక్కటి 10 డోసులది. మూత తీశాక 4 గంటల్లో వాడేయాలి. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఐస్ ప్యాకుల పెట్టె భుజాన వేసుకుని, వాగు దాటి గూడేనికి చేరిన ఏఎన్‌ఎం ముందు ఆరుగురే కూర్చుంటే, సీసా తెరవాలా వద్దా? తెరిస్తే మిగతా 4 డోసులు వృథా కింద రాయాలి. తెరవకపోతే ఆ ఆరుగురూ పని మానుకుని మరోరోజు రావాలి, లేదా మండల కేంద్రానికి నడవాలి. జూన్ 21న అమల్లోకి వచ్చిన మార్గదర్శకాలు వృథా ఎక్కువైన రాష్ట్రానికి కేటాయింపు తగ్గుతుందన్నాయి. పట్నంలో వందమంది వరుస కట్టే కేంద్రానికీ, ఆరు గడపల గూడేనికీ ఒకే కొలత పెట్టినప్పుడు, ఒత్తిడంతా ఆ ఏఎన్‌ఎం మీదే పడుతుంది. సీసా తెరవకుండా వెనక్కి తెచ్చేయడమే ఆమెకు క్షేమమనిపిస్తుంది.

మరో మహమ్మారి వచ్చేలోగా రెండు శాఖలూ ఈ వృథా నిబంధనను మార్చుకోవాలి, కేంద్రాన్నీ మార్చమని అడగాలి. ఏజెన్సీ ఆవాసాల్లో వృథాను విడిగా లెక్కించాలి. ఒక్కరు వచ్చినా సీసా తెరవవచ్చని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు ప్రతి ఉపకేంద్రంలోనూ తెలుగులో ఉండాలి, గోండి, కోయ, కువి మాట్లాడే చోట్ల ఆ భాషల్లో చాటింపు వేయించాలి.