క్రీడయు నైకమత్యమును

దేశమునకు విపత్తు సంభవించినపుడెల్ల మనలో రెండు తెగలవారు బయలుదేరుదురు. జనులు దుఃఖములో మునిగియుండగా ఆటలేమి యని మొదటి తెగవారు కోపింతురు. ఆటలో గెలిచితిమి గనుక గాయము మానినదని రెండవ తెగవారు పండుగ చేసికొందురు. మొదటివారు ఆటను తక్కువగా నెంచుచున్నారు. రెండవవారు దుఃఖమునే తక్కువగా నెంచుచున్నారు. వీరిలో రెండవవారి వలననే దేశమునకు హెచ్చు కీడు కలుగునని నా వాదము.

2008 నవంబరు 26వ తేది రాత్రి ముష్కరులు ముంబయి నగరమున జొరబడి, రైలు స్టేషనునందును, హోటళ్లయందును మూడు దినములపాటు నరమేధము సాగించిరి. 166 మంది మృతులైరి. అప్పుడు మన దేశమున ఆడుచుండిన ఇంగ్లండు జట్టు మిగిలిన పోటీలను విడిచి స్వదేశమునకు మరలిపోయెను. ఇక వారు రారని పలువురు తలంచిరి. కాని వారు వచ్చిరి. అహమ్మదాబాదు, ముంబయి నగరములలో జరుగవలసిన రెండు టెస్టులును చెన్నైకి, మొహాలీకి మార్చబడెను. డిసెంబరు 11న చెన్నైలోని చేపాకు మైదానమున ఆట మొదలయ్యెను. తుదకు మనవారు 387 పరుగులు చేయవలసివచ్చెను. నాల్గవనాటి సాయంకాలము సెహ్వాగు 83 పరుగులతో మార్గము చూపెను. ఐదవనాడు ముంబయి బిడ్డయైన టెండూల్కరు 103 పరుగులతోను, యువరాజు 85 పరుగులతోను అజేయులై నిలిచి, నాలుగు వికెట్ల నష్టమునకే జయము సాధించిరి. టెండూల్కరు తన శతకమును ఆ ఘోరమువలన బాధపడినవారికి అంకితమొనర్చెను.

చావు జరిగిన యింటికి పొరుగువారు వచ్చి కూర్చుందురు. పోయిన ప్రాణమును వారు తేలేరు. అయినను వారు రాకున్నచో ఆ యింటివారి దుఃఖము రెట్టింపగును. ఇంగ్లండు ఆటగాండ్రు తిరిగివచ్చుట అట్టి పరామర్శయే. ఆ మైదానమున ప్రక్కవాని కులమేదని, మతమేదని అడుగక వేలమంది యొక్కచోట కూర్చుండుటయు అట్టిదే. దీనిని వినోదమని త్రోసివేయువారు మనుష్యహృదయము నెఱుగనివారు.

కాని గెలుపే మందని చాటువారిని నేనొకటి యడుగుచున్నాను. ఐదవనాడు మనవారు ఓడియుండినచో ఆ సానుభూతి యేమగును? పరుగుల పట్టికపై వ్రేలాడు ఐకమత్యము మత్తేకాని బలము కాదు. దినవారములకు వచ్చి భుజించి వెడలినవాడు ఆ యింటి అప్పు తీర్చినవాడగునా? తండ్రిని కోల్పోయిన బిడ్డకు చదువు కావలెను. గాయపడినవానికి జీవనోపాధి కావలెను. నగరమునకు రక్షణ కావలెను. వీనిలో నే యొక్కటియు శతకమువలన సమకూరదు. చప్పట్లతో బాధ్యత తీరినదనుకొనుట ఆత్మవంచన.

ఇంతకన్న హీనమైన ఐకమత్యము మఱియొకటి కలదు. అది శత్రువును చూపి మనలను ఒక్కటి చేయునది. ఆటకు తనంతట కలుపు గుణము లేదు. 1937 మొదలుగా ముంబయిలో జరిగిన పెంటాంగ్యులరు పోటీలలో జట్లు మతములనుబట్టియే యేర్పడెను. 1940లో గాంధీజీ దానిని ఖండించెను. 1946లో గాని అది ఆగలేదు. ఆడినది క్రికెట్టే, విభజించినదియు క్రికెట్టే.

మఱి అదే చేపాకు మైదానమున 1999 జనవరి 31న జరిగినదేమి? పాకిస్తాను జట్టు మనలను 12 పరుగుల తేడాతో ఓడించెను. ప్రేక్షకులు లేచి నిలిచి గెలిచినవారికి చప్పట్లు కొట్టిరి. ఆ జట్టు మైదానము చుట్టును తిరిగి వారి యభినందనము నందుకొనెను. 2008 ఘోరము తరువాత మన జట్టు పాకిస్తాను ప్రయాణము మానుకొనెను. క్షేమము విచారించి రాజ్యములు ఆట నాపుట రాజనీతి కావచ్చును. దానిని నేను తప్పుపట్టను. ముష్కరుల పాపమును ఒక జాతి నెత్తిన వేసి ద్వేషించుటయే దేశభక్తి యనుట మాత్రము రాజనీతియు కాదు, ధర్మమును కాదు. 2008లోని గెలుపుకన్న 1999లోని ఓటమియే ఆ నగరపు ఔన్నత్యమునకు గొప్ప సాక్ష్యమని నా నిశ్చయము.

కావున చదువరులారా, దేశము దుఃఖించునపుడు మైదానమునకు పొండు. తోడివారితో కలసి కూర్చుండుడు. ప్రతిపక్షి చక్కగా ఆడినచో వానికిని చప్పట్లు కొట్టుడు. ఆట ముగిసిన మఱునాడు మాత్రము పరుగుల లెక్క విడిచి, అనాథలైనవారి లెక్క యడుగుడు. ఆ ప్రశ్న అడుగ నేర్చిన ప్రజలనే ఆట నిజముగా కలిపినదని చెప్పవచ్చును.