పొయ్యిలో వేయబోయిన ఆట



ఈ నెల నా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలు పెడతాను. కొంతకాలము క్రితం ఒక ఆదివారపు ప్రసంగములో, జపాను బొమ్మల ఆటలన్నీ దయ్యాల పనులేననీ, అవి ఇంట్లో కనబడితే పొయ్యిలో వేయమనీ గట్టిగా చెప్పాను. అప్పటికి నేను వాటిలో ఒక్కటైనా చూసి ఎరుగను. ఎవరో అంటే విని చెప్పాను.

ఆ మాట నానక్‌రామ్‌గూడలో నాకు ఎదురైంది. ఒకప్పుడు గుట్టల మధ్య చిన్న పల్లె అది. 2008లో గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు ఔటర్ రింగ్ రోడ్డు తెరిచారు. 2019లో అమెజాన్ కంపెనీ అక్కడ తన పెద్ద ఆఫీసు ప్రారంభించింది. ఆ అద్దాల మేడల దగ్గర కాపలా కాసేవారిలో, ఊడ్చేవారిలో మన పల్లెలు విడిచి వెళ్లినవారు ఎందరో ఉన్నారు. పాలమూరు వైపు నుండి వెళ్లిన ఒక సహోదరుడు అక్కడ ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. ఆయన భార్య నాలుగు ఇండ్లలో పని చేస్తుంది. సెల్లారులో ఒక్క గది. కొడుకు నాలుగో తరగతి.

ప్రార్థన కోసం వెళ్లిన సాయంకాలము ఆ తండ్రి ఒక చిన్న యంత్రమును నా చేతిలో పెట్టాడు. "అయ్యగారూ, మీరు చెప్పినట్లే దీన్ని పొయ్యిల ఏస్త. గీ ఆకుపచ్చ మొఖం సూడుండ్రి, నెత్తి మీద కొమ్ములు. దయ్యం కాకపోతే ఏంది?" అన్నాడు. పిల్లవాడు గోడకు ఆనుకొని ఏడుస్తున్నాడు.

నేను కూడా వెంటనే ఔననలేకపోయాను. "బాబూ, ఇలా రా. ఇది ఏమిటో నాకు చూపించు" అన్నాను.

అది నింటెండో అనే జపాను కంపెనీ 2001లో తెచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్. అరచేతిలో ఇముడుతుంది, రెండు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది. పైఅంతస్తులో ఉండే ఒక అన్న విదేశాలకు చదువుకు వెళ్తూ ఇచ్చిపోయాడట. అందులోని ఆట 2004లో వచ్చిన డ్రాగన్ బాల్ జెడ్ సూపర్‌సానిక్ వారియర్స్. అకిరా తోరియామా అనే చిత్రకారుడు 1984లో మొదలు పెట్టిన బొమ్మల కథే దానికి మూలము. ఆయన 2024లో చనిపోయాడు. ఆటలో ఇద్దరు వీరులు గాలిలో ఎగురుతూ కొట్టుకుంటారు. ఒక్కొక్క పక్షాన ముగ్గురిని పెట్టుకొని, ఒకరు అలసితే మరొకరిని దింపవచ్చు.

"మరి ఈ ఆకుపచ్చవాడు ఎవరు?" అని అడిగాను.

"దయ్యం కాదయ్యగారూ, పికోలో. ముందుగాల గోకుకు పగోడే. గోకు కొడుకును శత్రువు కొట్టబోతే అడ్డం నిలబడి, ఆ దెబ్బ తనే తిని సచ్చిపోతడు. ఆ అన్న చెప్పిండు."

పగవాని బిడ్డ కోసం ప్రాణము పెట్టిన కథ. దాన్ని పొయ్యిలో వేయమన్నది నేనే. నాకు మాట రాలేదు.

అయితే తండ్రి కోపానికి అసలు కారణము బొమ్మ కాదు. ఆ పాత యంత్రము తెరకు సొంత వెలుగు లేదు. సెల్లారు గదిలో సరిగా కనబడదు గనుక పిల్లవాడు రాత్రిళ్లు లిఫ్టు దగ్గరి లైటు కింద కూర్చునేవాడు. అపార్ట్‌మెంటువారు ఆక్షేపించారు. తండ్రికి అవమానమైంది. తండ్రి రాత్రంతా గేటు దగ్గర, తల్లి పొద్దున్నే పనికి. ఇక ఆ పిల్లవాడు ఎవరితో మాట్లాడాలి?

ఆ తండ్రితో నేను చెప్పినది మీతోనూ చెబుతున్నాను. ఆ ఆటలో గుద్దులు, తన్నులు ఉన్నవి. చిన్నపిల్లలు చూసినది చెల్లెలి మీద చేసి చూస్తారు. కాబట్టి పెద్దవారు పక్కన కూర్చోవాలి. హోంవర్కు అయ్యాక అరగంట చాలు. మిగిలిన సమయము సెల్లులు అమ్మ దగ్గర ఉండాలి.

దీనికంటె భయపడవలసినది మన చేతుల్లోని ఫోను. ఆ పాత ఆటలో డబ్బు అడిగేవాడు లేడు. ఫోనులో పందెపు ఆటలు ఇండ్లు కూల్చాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టము చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనమును జబ్బుల పట్టికలో చేర్చింది. ఆ పట్టిక 2022లో అమలులోకి వచ్చింది. గుర్తులు మూడు: ఆపుకోలేకపోవడము, అన్నిటికంటె ఆటే ముఖ్యమవడము, నష్టము కనబడినా మానకపోవడము. ఇవి ఏడాదిపాటు కనబడితే, లేక అంతకు ముందే తీవ్రమైతే, తిట్లు మాని డాక్టరుకు చూపించండి.

మరుసటి నెల వెళ్లినప్పుడు తండ్రి డ్యూటీకి పోయే ముందు కొడుకు పక్కన కూర్చొని మీటలు నొక్కుతున్నాడు. "రోజూ ఓడగొడుతుండు అయ్యగారూ" అని నవ్వాడు. ఆయన ఎంచుకున్నది ఆకుపచ్చవాడినే.

ఆ వచ్చే ఆదివారము నా పాత మాటను సంఘము ముందు వెనుకకు తీసుకున్నాను. మీ బిడ్డ చేతిలోనిది లాగివేయక ముందు ఒక్కసారి, "ఇది ఏమిటో నాకు చూపించు" అని అడగండి.