ఖాళీ చెక్కు లాంటి లైన్

"గతాన్ని మర్చిపోవాలనుకునే ఓ సాఫ్ట్‌వేర్ కుర్రాడి జీవితంలోకి అనుకోకుండా ఓ అమ్మాయి వస్తుంది. ఆ తర్వాత అతని ప్రయాణం ఏ మలుపు తిరిగింది?"

మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్ళలో షిఫ్టు అయ్యాక స్క్రిప్టులు రాసుకునే మనవాళ్ళు లాగ్‌లైన్ అంటే ఇదే అనుకుంటున్నారు. ఇది లాగ్‌లైన్ కాదు, టీవీలో సినిమా వేసేముందు వచ్చే ప్రకటన. ఏం గతం? కుర్రాడికి ఏం కావాలి? దక్కకపోతే ఏం పోతుంది? ఒక్కదానికీ జవాబు లేదు. "ఏ మలుపు?" అని ప్రేక్షకుడు అడగాలి గానీ, రాసినవాడే మనల్ని అడిగితే ఎలా?

విచిత్రం ఏమిటంటే ఈ రచయితలే పగలంతా ఆఫీసులో యూజర్ స్టోరీలు రాస్తారు. ఎవరు, ఏం కావాలి, ఎందుకు కావాలి: ఈ మూడూ లేకపోతే స్ప్రింట్ ప్లానింగ్‌లో ఆ టికెట్‌ని ఎవరూ ముట్టుకోరు. "యాప్‌లో అనుకోని సంఘటన జరుగుతోంది" అని బగ్ రాస్తే టీమ్ నవ్విపోస్తుంది. పగలు అంత నిక్కచ్చిగా ఉండే మనిషి రాత్రి కథ దగ్గరికొచ్చేసరికి పొగమంచు ఎందుకు పరుస్తాడు? పొగమంచే సాహిత్యం అనుకుంటాడు కాబట్టి.

'బలగం' (2023) చూడండి. కట్నం డబ్బుతో అప్పులు తీర్చేద్దామని లెక్కలేసుకున్న మనవడి పెళ్ళి, తాత చావుతో ఆగింది. పిండాన్ని కాకి ముట్టడం లేదు. ముట్టాలంటే ఏళ్ళ తరబడి విడిపోయిన కుటుంబం ఒకటవ్వాలి. ఇందులో ప్రయాణం, మలుపు, భావోద్వేగం అన్న మాటలు ఒక్కటీ లేవు. ఒక కాకి ఉంది, ఒక అప్పు ఉంది. కథ కదలడానికి అవి చాలు.

ఇప్పుడు మన సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి మళ్ళీ పిలుద్దాం. "అక్క పెళ్ళి అప్పు తీర్చడానికి దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లతో ఉద్యోగం సంపాదించిన కుర్రాడికి, అలాంటివాళ్ళని ఏరివేసే పని కంపెనీ అప్పజెబుతుంది, జాబితాలో మొదటి పేరు అతనికి ఆ సర్టిఫికెట్లు ఇప్పించిన రూమ్మేట్‌ది." ఇది గొప్ప కథ అని అనను. కానీ దీన్ని పట్టుకుని గొడవ పడొచ్చు. రూమ్మేట్‌ని పట్టిస్తాడా, తనే దొరికిపోతాడా, అప్పు సంగతేంటి? వాక్యం అయ్యేసరికి సీన్లు వాటంతటవే క్యూ కడతాయి. పైగా ఇది ఈ కారిడార్‌లో బతికినవాడు మాత్రమే రాయగల వాక్యం. మొదటిదాన్ని ఎవరైనా, ఎక్కడైనా రాయొచ్చు.

అసలు నష్టం ఇక్కడే ఉంది. 2020లో దుర్గం చెరువు మీద కేబుల్ వంతెన వచ్చాక మాదాపూర్ నుంచి జూబ్లీహిల్స్ పెద్ద దూరమేం కాదు. కానీ అవతలి ఒడ్డున నడిచేది నెరేషన్. నోటితోనే బీజీఎమ్ కొడుతూ, ఇంటర్వెల్ దగ్గర లేచి నిలబడి కథ చెప్పగలవాడిదే రాజ్యం. ఆ విద్య రాని, చుట్టరికం లేని కొత్త రచయిత చేతిలో ఉన్న ఆయుధం ఆ ఒక్క వాక్యమే. దాన్నీ మొద్దుబార్చుకుని వెళితే? కోరిక పేరు చెప్పని లైన్ సంతకం పెట్టిన ఖాళీ చెక్కు లాంటిది. అంకె అవతలివాడు వేసుకుంటాడు. హీరో ఇమేజ్ ఒక ఫైటు వేస్తుంది, మార్కెట్ ఒక ఐటమ్ సాంగ్ వేస్తుంది. చివరికి "నా కథ మార్చేశారు" అని వాపోతాం. మార్చడానికి అక్కడ కథంటూ ఉండాలి కదా!

"లాగ్‌లైన్ హాలీవుడ్ అమ్మకపు సరుకు, మన కథలు ఒక్క వాక్యంలో ఇమడవు" అనేవాళ్ళున్నారు. పేరు అక్కడిదే, ఒప్పుకుంటా. కానీ 1957 నాటి 'మాయాబజార్' సంగతేంటి? ప్రేమించుకున్న జంటని కలపడానికి ఘటోత్కచుడు పెళ్ళికూతురి వేషంలో పెళ్ళింట్లో దిగుతాడు. కథ ఏమిటో అంత స్పష్టంగా తెలుసు కాబట్టే, మహాభారతం నుంచి పుట్టిన ఆ సినిమాలో పాండవులు ఒక్క సీన్లోనూ కనిపించరు. లోటుగా అనిపించదు కూడా. ఏం వదిలెయ్యాలో చెప్పేదే మంచి లైన్.

నిజమే, లైన్ బాగున్నంత మాత్రాన సినిమా బాగుండదు. 'కేరాఫ్ కంచరపాలెం' (2018) మనుషుల మాటతీరు, ఆ వీధుల వాసన ఏ లైన్లోనూ పట్టవు. పట్టక్కర్లేదు కూడా. పునాది గోడలకి రంగులెయ్యరు, బరువు మోస్తుందా లేదా అనే చూస్తారు.

కాబట్టి మీ లైన్ తీయండి. "అనుకోని", "ప్రయాణం", "మలుపు", చివర ప్రశ్నార్థకం కొట్టెయ్యండి. ఏమీ మిగలకపోతే కంగారు పడకండి. మొదట్నుంచీ అక్కడ ఏమీ లేదు. ఆ సంగతి నూట ఇరవై పేజీలు రాశాక కంటే ఇప్పుడే తెలియడం నయం.