స్కాన్ అయిపోయాక ఇంట్లో మొదలయ్యే వైద్యం

పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే మనం చేసే మొదటి పని, ఆయన చేతిలోంచి పనులన్నీ లాగేసుకోవడం. అన్నం కలిపి పెడతాం, చొక్కా గుండీలు మనమే పెడతాం, నీళ్ళు నోటికందిస్తాం. "పాపం, కాలూ చెయ్యీ పడిపోయింది కదా" అంటాం. ప్రేమే, కాదనను. కానీ ఆ చేతికి మాత్రం అది మేలు చెయ్యదు. మెదడు స్కానింగుల మీద జరిగిన పరిశోధనలు చదివాక నాకు ఈ నమ్మకం ఇంకా గట్టిపడింది.

మూతి వంకర పోయి మాట ముద్దగా రాగానే చేసే సీటీ స్కాన్ ముఖ్యంగా ఒక్క సంగతి తేల్చడానికి: లోపల రక్తం కారిందా, గడ్డ అడ్డుపడిందా? గడ్డ అయితే కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు పడాలి. రక్తం కారుతున్నవాళ్ళకు అదే ఇంజెక్షన్ ప్రాణం మీదికి తెస్తుంది. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. పెనుకొండ, ధర్మవరం వాళ్ళకు ఇంకా దూరం. అందుకని పెద్దాసుపత్రి పేరు తలచుకునే ముందు, దగ్గరలో స్కాన్ ఎక్కడుందో తెలిసి ఉండాలి. నాటు మందుకీ, పావురం రక్తం పూయించడానికీ ఒక పూట పోగొట్టుకుంటే ఆ గంటలు మళ్ళీ రావు.

సరే, గండం గడిచింది. ఫిల్ము కవరు బీరువా మీదికి పోతుంది. "మెదడులో ఇంత భాగం దెబ్బతింది" అన్న మాట మాత్రం ఇంటిల్లిపాది మనసులో ఉండిపోతుంది. ఆ ఫిల్ములో కనబడేది పోయిన భాగం. మిగిలిన భాగం ఏం నేర్చుకోగలదో అందులో కనబడదు.

అది చూడ్డానికి ఫంక్షనల్ ఎమ్మారై అనే పద్ధతి ఉంది. మెదడులో ఏ చోటు పనిచేస్తుంటే అక్కడికి రక్తం ఎక్కువగా వెళ్తుంది. యంత్రం ఆ తేడాను పట్టుకుంటుంది. లండన్ పరిశోధకులు ఎనిమిది మంది పక్షవాత రోగులను నెలల తరబడి ఇలా మళ్ళీ మళ్ళీ స్కాన్ చేసి 2003లో ప్రచురించారు. మొదట్లో చెయ్యి బిగించమంటే మెదడులో రెండు వైపులా ఎక్కడెక్కడో పని జరిగేది. చెయ్యి కోలుకునేకొద్దీ ఆ అదనపు హడావిడి తగ్గింది. అంటే మెదడు పాత పనికి మళ్ళీ దారి వెతుక్కుంటుందన్నమాట.

ఆ వెతుకులాటకు మందు వాడకమే. అమెరికాలో 222 మందితో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, బాగున్న చేతికి రెండు వారాలు మేజోడు తొడిగి, పడిపోయిన చేతితోనే పనులు సాధన చేయించారు. మామూలు వైద్యం పొందినవాళ్ళ కన్నా వీళ్ళ చెయ్యి మెరుగైంది. వాళ్ళంతా పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైనవాళ్ళు, వేళ్ళలో కాస్తయినా కదలిక ఉన్నవాళ్ళు. అందరికీ అన్నీ తిరిగి రావు, ఆ మాటా చెప్పాలి. తొందరపాటూ పనికిరాదు: మొదటి రోజే మరీ ఎక్కువగా లేపి నడిపిస్తే ఫలితం తగ్గిందని 2015లో ఇంకో పెద్ద అధ్యయనం తేల్చింది. ఎప్పుడు, ఎంత అన్నది ఫిజియోథెరపిస్టు చెప్పాలి.

చెప్పాక చేయించేది మాత్రం ఇంట్లో ఆడవాళ్ళమే. మన అనంతపురం సీమలో శెనక్కాయలకు కొదవా? రోజూ ఒక దోసెడు ఒలిపించండి. ధర్మవరంలో మగ్గం మీద బతికిన మనిషికి కాళ్ళూ చేతులూ కలిసి ఆడందే చీర సాగదు. ఆయన్ని మంచానికే వదిలేయకుండా, చేతనైతే కండెలు చుట్టడం దగ్గర కూర్చోబెట్టండి. అర్ధగంట పట్టినా, సగం నేల పాలైనా పట్టించుకోవద్దు. మనం ఒక్క నిమిషంలో చేసేస్తాం, అదే చిక్కు.

ఇంకో సంగతి. పరిశోధన కోసం స్కాన్ చేస్తామంటే "మనమేమన్నా ఎలుకలమా" అంటారు. నేను పైన చెప్పినవన్నీ విదేశాల్లోవి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్ళు వంద మంది భారతీయుల స్కాన్లతో 2019లో మెదడు పటం తయారు చేస్తే, మన మెదడు సగటు కొలతలు పాశ్చాత్యుల కన్నా చిన్నవని తేలింది. వాళ్ళ కొలబద్దతో మనల్ని కొలిస్తే ఎలా మరి? ఎమ్మారైలో ఎక్స్‌రే ఉండదు. పేస్‌మేకర్ లాంటివి ఉంటే ముందే చెప్పాలి. సంతకం చేసే ముందు అన్నీ అడగండి, నచ్చకపోతే మానేయండి. అడక్కుండానే వద్దనడం నాకు నచ్చదు.

డాక్టర్లకూ ఒక మాట. డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లు వరసగా ఉంటాయి, చేతికి ఏ పని చెప్పాలో ఒక్క ముక్క ఉండదు. బిల్లు కట్టే కొడుకుకు చూపించే ఆ ఫిల్మును, ఇంట్లో సేవ చేయబోయే కోడలికీ పది నిమిషాలు చూపించి చెప్పండి.